కృష్ణ ఒడ్డు నుంచి కొల్లాపూర్‌కు: సురభి వారి కోట, తోట

జటప్రోలు సంస్థానం కృష్ణానది ఒడ్డున పుట్టింది. నిజాం ఏలుబడిలోని తెలుగు సంస్థానాల్లో గద్వాల, వనపర్తిలతో పాటు పేరున్నది ఇది. ఏలినవారు సురభి వంశపు వెలమ దొరలు. 17వ శతాబ్దంలో సురభి మాధవరాయలు స్వయంగా ‘చంద్రికా పరిణయం’ రాశాడు.

19వ శతాబ్దంలో రాజధాని ఏటి గట్టు వదిలి కొల్లాపూర్‌కు మారింది. వెంకటగిరి వెలుగోటి వారింటి నుంచి దత్తు వచ్చిన రాజా వెంకట లక్ష్మారావు 1884 నుంచి 1929 దాకా ఏలాడు. ఆయన సోదరుల్లో ఒకరు బొబ్బిలికి దత్తు వెళ్లారు. కోస్తా జమీందారీలకూ నిజాం సంస్థానాలకూ నడుమ బంధుత్వాలు అంత దగ్గరగా ఉండేవి.

ఇక తోట సంగతి. ఇంగ్లండులో దొరల బంగళా చుట్టూ ఉండే తోట ప్రధానంగా చూపుకోసం: పచ్చిక, పూలు, నడక దారులు. కొల్లాపూర్ తోట పండుకోసం. ఇక్కడి బేనీషా మామిడి పేరుకు సంస్థానం కాలమే మూలమని ఊళ్లో చెప్పుకుంటారు. కాయను తొడిమతో చిక్కంలోకి దించి, సొన కారనిచ్చి, వరిగడ్డిలో మాగవేస్తారు. తొందరపడి రాల్చిన కాయ దెబ్బతిని, మాగకముందే కుళ్లుతుంది.

1949లో హైదరాబాద్ రాష్ట్రం జాగీర్లను రద్దు చేయడంతో దొరతనం పోయింది. ఇంగ్లండులో ఇలాంటి భవనాలను కాపాడటానికి 1895లో పుట్టిన నేషనల్ ట్రస్ట్, 1937లో వచ్చిన దాని ప్రత్యేక పథకం ఉన్నాయి. ఇక్కడ ఆ ఏర్పాటు లేదు. వనపర్తి రాజమహల్‌లో పాలిటెక్నిక్, గద్వాల కోటలో డిగ్రీ కళాశాల నడిచాయి. చదువు చేరబట్టే ఆ గోడలు నిలిచాయి అనడం అతిశయోక్తి కాదు. కొల్లాపూర్ కోట మాత్రం సురభి వంశీకుల చేతుల్లోనే ఉండిపోయింది.

తర్వాత ముప్పు నీటి రూపంలో వచ్చింది. శ్రీశైలం ప్రాజెక్టు వెనుక జలాల్లో పాత ఒడ్డు మునిగింది. మంచాలకట్టలోని మాధవస్వామి గుడిని రాయి రాయికీ అంకె వేసి విప్పి, కొల్లాపూర్‌లో తిరిగి నిలబెట్టారు. విష్ణువు ఇరవైనాలుగు మూర్తులు చెక్కిన ఆ గోడలు ఈనాటికీ చూడదగ్గవి. జటప్రోలు మదనగోపాలస్వామి గుడి కూడా ఇలాగే మునక దాటి పైకి తరలింది.