విమానాశ్రయపు పొరుగున పల్లెవాసము

అమరకోశకర్త మూలనగరమునకు వెలుపల వెలసిన పురమును శాఖానగరమనియు, గ్రామాంతమందలి నేలను ఉపశల్యమనియు పేర్కొనెను. ఈ రెండింటి నడుమ నొక చోటు దొరకిన బాగుండునని తలంచువారు నేడు పెక్కుమంది. కొలువు విమానాశ్రయమున నుండవలెను. ఇల్లు మాత్రము కోడికూత వినబడు పల్లెలో నుండవలెను. హైదరాబాదునకు దక్షిణమున శంషాబాదు పరిసరములలో ఇట్టి ఇంటికై వెదకులాట మొదలై రెండు దశాబ్దములు కావచ్చుచున్నది.

ఈ కోరిక క్రొత్తది కాదు. గోలకొండ కోటలో జనము క్రిక్కిఱిసినందుననే 1591లో మహమ్మదు కులీ కుతుబ్ షా మూసీ దరిని హైదరాబాదును నిర్మించెనని చరిత్రకారులు చెప్పుదురు. తరువాత ఆ నగరము చుట్టును తోటలు వెలసెను. బషీరుబాగు, జాంబాగు, బాగులింగంపల్లి యను పేళ్ళలో నేటికిని తోట కలదు; చెట్లు మాత్రము లేవు. బేగంపేట విమానాశ్రయమును 1930ల దశకమున ఊరి వెలుపలి బయలుగా నెంచియే ఏర్పఱచిరి. శతాబ్దము ముగియునప్పటికి దాని గోడల వఱకు ఇండ్లు వచ్చి చేరెను. 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలినవి. అచ్చటి విమానాశ్రయమునకు సుమారు 5,500 ఎకరములు కేటాయించిరి. అందు ప్రభుత్వ భూములతోపాటు పట్టాదారుల పొలములును గలవు.

అయినను ఆ ప్రాంతపు పల్లెలలో పెక్కింట పచ్చదనము నిలిచియున్నది. దీనికి కారణము దూరము గాదు, నీరు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమున వేలకొలది ప్రాణములను బలిగొనెను. పిమ్మట నిజాము ప్రభుత్వము మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని రప్పించి ఆలోచన యడిగెను. తత్ఫలితముగా మూసీపై 1920లో ఉస్మాన్‌సాగరము, అనగా గండిపేట చెఱువు, ఉపనదియగు ఈసీపై 1927లో హిమాయత్‌సాగరము పూర్తియయ్యెను. వఱదను ఆపుటకు కట్టిన ఆ జలాశయములే నగరమునకు త్రాగునీరు నిచ్చినవి. ఆ నీరు చెడకుండుటకై 1996లో ప్రభుత్వము 111వ సంఖ్యగల ఉత్తరువును వెలువరించి, చుట్టును పది కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో పరిశ్రమలను నిషేధించి, పెద్ద కట్టడములకు హద్దు విధించెను. 2000లో సుప్రీంకోర్టు ఈ జలాశయముల రక్షణనే సమర్థించెను.

ఈ యుత్తరువు రైతునకు మాత్రము తేలికగా లేదు. హద్దుకు ఆవలి పొలమునకు కోట్ల ధర పలుకుచుండగా, ఈవలి పొలమునకు అందులో కొంతయైన రాదు. వెలుపలినుండి వచ్చిన ధనికుడు తోట యను పేర ప్రహరీ గట్టి లోపల మేడ లేపుట కలదు. కొడుకునకు వేఱు ఇల్లు కట్టనెంచిన రైతు అనుమతి పత్రములకై తిరుగుటయు కలదు. క్రొత్తగా వచ్చినవాడు పీల్చు చల్లగాలికి వెల చెల్లించినది ఈ రైతు. ఉత్తరువును తొలగింపుమని 84 గ్రామములవారు ఏండ్ల తరబడి అడిగిరి. 2022లో 69వ సంఖ్యగల ఉత్తరువు ఆ కట్టుబాట్లను సడలించెను. పల్లెదనమును జూచి కొనువాడు ఈ సంగతి యెఱిగి కొనవలయును. తానుజూచిన పచ్చిక కట్టుబాటు వలన నిలిచినదేగాని తనంత నిలిచినది కాదు.

ఇంక దిక్కు సంగతి. శంషాబాదు రన్‌వేలు తూర్పుపడమరలుగా సాగినవి. అందు పెద్దది 4,260 మీటర్లు. కావున ఆ రేఖకు సూటిగా తూర్పునగాని పడమరగాని గల ఊళ్ళపై విమానములు క్రిందుగా పోవును. ఉత్తర దక్షిణములందు మ్రోత తక్కువ. విమానము గాలికెదురుగా లేచి గాలికెదురుగానే దిగును గనుక గాలి మాఱినప్పుడు మ్రోత వైపును మాఱును. ఒక ఋతువున, అదియు పగటిపూట, ఇల్లు జూచి బయానా యిచ్చుట తొందరపాటు.

దారియు అందఱికి నొకటి గాదు. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారిలో గచ్చిబౌలి–శంషాబాదు భాగము 2008లోనే తెఱవబడినది. మఱుసటి యేడు మెహదీపట్నమునుండి ఆరాంఘరు వఱకు 11.6 కిలోమీటర్ల పై వంతెన వచ్చినది. అయితే వలయ రహదారిపై ద్విచక్రవాహనములకు ప్రవేశము లేదు. కారుగల అధికారికి పావుగంట దారియైనది, సామానులు మోయుటకై అర్ధరాత్రి మోటారుసైకిలుపై పోవు కూలివానికి ప్రక్కదారుల చుట్టుదిరుగుడగును.

తుదకు కాగితములు. విక్రయించువాడు గజములలో చెప్పును. పహాణీ ఎకరములు, గుంటలలో చెప్పును. గుంటకు 121 గజములు, ఎకరమునకు 40 గుంటలు. పట్వారీ కొలువులు 1984లో రద్దయినను వారు వ్రాసిన మాటలు చెరగలేదు. లావణి పట్టా యనిన భూమిలేని పేదకు ప్రభుత్వమిచ్చినది. దాని విక్రయమును 1977 నాటి చట్టము నిషేధించినది. చౌకయని కొన్నవానికి ఇల్లు నిలువదు, అమ్మినవానికి పొలము మిగులదు. శిఖమని వ్రాసిన నేల చెఱువు గర్భము. వేసవిలో అది మేకలు మేయు చదునైన బయలువలె నుండును. మధ్యవర్తి చూపు రంగుల పటమున దానికి వీధులును పేళ్ళును ఉండును. గ్రామ నక్షా దెప్పించి సర్వే నంబరుతో సరిచూచినగాని తూము ఎచ్చట నున్నదో తెలియదు. 2020 అక్టోబరు వానలకు హిమాయత్‌సాగరపు తలుపులెత్తినప్పుడు, నగరమున పూర్వము చెఱువులైయుండిన తావులలో కట్టుకొన్న ఇండ్లలోనికి నీరు దాను పూర్వమెఱిగిన త్రోవనే వచ్చి చేరెను.