అయస్కాంతం అంటని రేకు

స్టెయిన్‌లెస్ స్టీలు రేకుల్ని ఎడం ఎడంగా పేర్చి, వెల్డింగ్ చేసిన డబ్బాలో పెట్టి, కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళు పోసి, కారు బ్యాటరీ తగిలిస్తే బుడగలొస్తాయి. నీళ్ళతో బండి నడిపేయొచ్చన్న ఆశ ఆ బుడగల్ని చూసే పుడుతుంది. చాలామంది చూపు బుడగల మీదే ఉంటుంది. చూడాల్సింది రేకుని. దాని చరిత్ర మన రాజాం పక్కనుంచే పోతుంది మరి.

1800లో, వోల్టా బ్యాటరీ కబురు అందిన కొద్దివారాలకే, లండన్‌లో విలియమ్ నికల్సన్, ఆంథొనీ కార్లైల్ నీళ్ళలో రెండు ఇత్తడి తీగలు ముంచారు. ఒక తీగ దగ్గర హైడ్రోజన్ బుడగలు. రెండో తీగ దగ్గర ఏమీ లేదు. ఆక్సిజన్‌ని ఆ తీగే మింగి పాడైపోయింది. ప్లాటినం తీగ పెట్టాక గానీ ఆక్సిజన్ బయటికి రాలేదు. నీటిని విడగొట్టడం మొదటిరోజే తేలిక. ఆక్సిజన్ పుట్టేచోట నిలబడగల లోహం దొరకడమే కష్టం.

ప్లాటినం కొనే స్తోమత ఎవరికుంది? 1912లో జర్మనీ క్రుప్ కంపెనీ, 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ తుప్పు పట్టని ఉక్కుకి దారి చూపారు. ఇందులో క్రోమియం గాలి తగలగానే కంటికి కనపడనంత పల్చటి పొర కట్టి లోపలి ఇనుముని కాపాడుతుంది. 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెల్ వేస్తే మన బజారు భాషలో 304.

ఇక మన దారికొద్దాం. రాజాం నుంచి చీపురుపల్లి మీదుగా గరివిడి వెళ్తే ఆ చుట్టుపట్ల నేలంతా మాంగనీసు నేల. గర్భాం, కోడూరు గనుల్లో 1890లలోనే తవ్వకం మొదలైంది. దేశంలో మాంగనీసు గనుల కథకి ఆరంభం ఇక్కడే. లీ ఫెర్మోర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి ఒక రాయికి కోడూరైట్ అని మన ఊరి పేరే పెట్టాడు. ఖనిజం సీమ కొలిమిలకి ఓడెక్కింది. ఫెర్రో మాంగనీసు తయారీ గరివిడికి వచ్చేసరికి 1950లు. సరిగ్గా ఆ దశకంలోనే నికెల్ కరువొచ్చి, అమెరికా మిల్లులు నికెల్లో సగం తీసేసి మాంగనీసు వేయడం మొదలుపెట్టాయి. అవే 201, 202 రకాలు. నికెల్ దిగుమతి చేసుకోవాల్సిన మనకి అది వరంలా దొరికింది. మన మెట్ల రెయిలింగులు, గిన్నెలు చాలావరకూ ఆ సంతానమే. ఈ రేకులో గర్భాం ఖనిజమే ఉందని చెప్పలేం గానీ, చుట్టరికం మాత్రం ఉంది.

మాంగనీసుని తక్కువ చెయ్యడం కాదిది. గిన్నెకి అది చాలు. చిక్కల్లా గుర్తుపట్టడంలో. మేగ్నెట్ అంటకపోతే మంచి స్టీలని మనకో నమ్మకం. 304కీ అంటదు, 202కీ అంటదు. పైగా వెల్డింగ్ వేడికి ఉక్కులోని కార్బన్ వెళ్ళి క్రోమియంని పట్టుకుంటుంది. అతుకు పక్కన క్రోమియం తగ్గిన సన్నటి గీత మిగులుతుంది. తుప్పు అక్కడ మొదలెడుతుంది. కార్బన్ 0.03 శాతం మించని 304ఎల్, 316ఎల్ రకాలు పుట్టింది అందుకే.

బండి సంగతా? 12 వోల్టుల బ్యాటరీకి ఆరు గదుల డబ్బా పెట్టి 20 ఆంపియర్లు పంపితే, నిమిషానికి లీటరుంబావు వాయువు వస్తుంది. 800 సీసీ ఇంజను 3000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 1200 లీటర్ల దాకా గాలి పీలుస్తుంది. ఆ బ్యాటరీని నింపేదీ అదే ఇంజను, అదే పెట్రోలు! ఈలోగా హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ ఒకే గొట్టంలో కలిసొస్తుంటాయి. చిన్న రవ్వ చాలు, పేలడానికి.

కొన్ని రోజులు నడిచాక డబ్బాలో గోధుమరంగు మడ్డి దిగుతుంది. అది రేకులోని ఇనుము. మడ్డి పైన నీళ్ళు పసుపెక్కితే మాత్రం రేకులోని క్రోమియం విషరూపంలో కరిగిందన్నమాట, కేన్సర్ తెచ్చే రకం. ఉప్పు నీళ్ళు వాడినవాళ్ళకి క్లోరిన్ కూడా అదనం. ప్రయోగం అయిపోయాక ఎవరూ ఆ డబ్బాని పట్టించుకోరు. ఆ పసుపు నీళ్ళు షెడ్డు వెనక కాలవలోకే పోతాయి.