సానరాయి ముందు ఆయుష్షు

చేసే పని మనిషి ఆయుష్షును తగ్గిస్తుందా అని అడిగితే ఎవరైనా తగ్గిస్తుందనే అంటారు. రుజువు చెయ్యమంటేనే చిక్కు మొదలవుతుంది. 1835లో లొంబార్ అనే జెనీవా వైద్యుడు తన ఊళ్లో నమోదైన వేల మరణాలను వృత్తులవారీగా విడదీసి, ఏ పనివాళ్లు సగటున ఎన్నేళ్లకు పోయారో పట్టిక వేశాడు. అందులో అందరికంటే చిన్న వయసులో పోయినవాళ్లు విద్యార్థులు. వాళ్ల సగటు ఇరవై చిల్లర. చదువు ప్రాణం తీసిందని కాదు, విద్యార్థిగా చనిపోయేవాడు ఆ వయసులో కాక మరెప్పుడు పోతాడు? చనిపోయినవాళ్ల సగటు వయసు చూసి వృత్తి మంచిచెడ్డలు తేల్చేయడం ఎంత ప్రమాదమో ఆ ఒక్క వరుస చాలు చెప్పడానికి. అయినా వృత్తికీ ఆయుష్షుకూ ముడి ఉందనే నా వాదన. ఊరు, నీళ్లు, కూలి దాదాపు ఒకటే అయి, పని చేసే పద్ధతి ఒక్కటే మారిన చోట చూస్తే ఆ ముడి కనబడుతుంది. 19వ శతాబ్దపు ఇంగ్లండులో షెఫీల్డ్ అలాంటి చోటు.

షెఫీల్డ్ కత్తుల ఊరు. కమ్మరి సాగగొట్టిన కత్తిని సానపట్టేవాడు అందుకుంటాడు. గుర్రమెక్కినట్టు ఒక చెక్క దిమ్మ మీద కూర్చుని, మోచేతులు మోకాళ్లకు ఆనించి, గిర్రున తిరిగే ఇసుకరాతి చక్రం మీదికి ఒంగి పని చేస్తాడు. ముక్కుకూ రాయికీ మధ్య జానెడు దూరం కూడా సరిగా ఉండదు. పూర్వం ఈ చక్రాలు ఏటి నీటితో తిరిగేవి. ఏరు ఎండితే పని ఆగేది, అప్పుడు సానవాడు పొలం పని చూసుకునేవాడు. 1786లో అక్కడ మొదటిసారి ఆవిరి యంత్రంతో సానచక్రాలు తిప్పారు. ఆవిరికి వేసవి లేదు, వర్షాకాలం లేదు. పని ఊరి మధ్య ఇరుకు గదుల్లోకి చేరి, రోజంతా, ఏడాది పొడుగునా సాగింది. కత్తులకు రాయిని నీళ్లతో తడుపుతూ సానపట్టేవారు. ఫోర్కులకు మాత్రం పొడిరాయే. రాయీ ఇనుమూ అరిగి లేచిన దుమ్ము గదంతా కమ్మేది. పద్నాలుగేళ్ల పిల్లలు ఆ పనిలోకి వచ్చేవారు. ఇరవై దాటేసరికి మెట్లెక్కితే ఆయాసం, తర్వాత దగ్గు, నెత్తురు. ఊళ్లో దానికి సానవాళ్ల ఉబ్బసం అని పేరు.

ఆ ఊరి వైద్యుడు నైట్ చెప్పిన లెక్కను ఎంగెల్స్ 1845లో ఇంగ్లండు కార్మికుల స్థితిగతులపై రాసిన పుస్తకంలో ఉదహరించాడు. సానవాళ్లు మొత్తం 2,500 మంది. అందులో ఫోర్కులు సానపట్టే 150 మంది 28, 32 ఏళ్ల మధ్య పోయేవారు. తడిగానూ పొడిగానూ పట్టే మంగలికత్తుల వాళ్లు 40, 45 మధ్య. తడిగా మాత్రమే పట్టే భోజనపు కత్తుల వాళ్లు 40, 50 మధ్య. రాయి మీద నీళ్లు తగ్గేకొద్దీ ఆయుష్షూ తగ్గింది.

ఇక్కడే చదువరి నన్ను నిలదీయాలి. ఆ 150 మందిలో 70 మంది కుర్రాళ్లే కదా, జెనీవా విద్యార్థుల పొరపాటే ఇక్కడా జరగలేదా అని. న్యాయమైన ప్రశ్న. అదే ఊళ్లో హాలండ్ అనే మరో వైద్యుడు 1843లో ఇరవై దాటినవాళ్ల మరణాలనే తీసుకున్నాడు. అలాంటి వెయ్యి చావుల్లో 40 ఏళ్లలోపువి దేశం మొత్తం మీద 296. ఫోర్కు సానవాళ్లలో 885. కుర్రాళ్లను పక్కన పెట్టినా తేడా మూడింతలు. ఆ పనిలో ముసలివాళ్లే లేరు కాబట్టి ముసలి చావులు లేవు అని ఇంకా అనవచ్చు. వేరే పనికి మారినవాళ్లు కొందరు ఉండే ఉంటారు. కానీ ఊపిరాడనివాడు మారడం కూడా ఆ పని చేసిన చేటే. అసలు మందు గణాంకవేత్త విలియం ఫార్ చూపించాడు: ఒక వయసులో ఒక వృత్తిలో ఎంతమంది బతికి ఉన్నారో జనగణన నుంచి తీసి, అదే వయసు చావులను దానితో భాగించాలి. 1851 జనగణన నుంచి ఇంగ్లండులో ఆ దారి పట్టారు.

పేదరికమే చంపింది, పనికి అంటగట్టొద్దు అనేది రెండో అభ్యంతరం. పేదరికం చంపుతుంది, సందేహం లేదు. అయితే ఫార్ తర్వాత ఆ పని చేపట్టిన ఓగల్ 1885లో వేసిన పట్టిక చూడండి. 25 నుంచి 65 ఏళ్ల మగవాళ్లలో మతగురువుల మరణాల రేటును వంద అనుకుంటే తోటమాలులది 108, కత్తుల పనివాళ్లది 229, ఆకురాళ్లు చేసేవాళ్లది 300. తోటమాలి ధనవంతుడేం కాదు. అయినా కలవారి పక్కనే నిలిచాడు. ఆకురాయి చేసేవాడు ఉక్కుకు గాట్లు పెట్టేటప్పుడు కింద సీసపు దిమ్మ పెట్టుకునేవాడు, ఆ సీసమే ఒంట్లోకి దిగేది. ఇద్దరికీ ఉన్న తేడాలో కూలి డబ్బుల పాత్ర ఎంత చిన్నదో ఆలోచించండి. తోటపనికి గట్టివాళ్లే వెళ్తారని అనుకున్నా, సానచక్రం మీదికి ఒంగడానికి వెళ్లింది రోగిష్టి పిల్లలు కాదు.

ఇక తాగుడు మాట. ఏ పనివాడు తొందరగా పోయినా ఊరు ముందు అనేది అదే. షెఫీల్డ్‌లో ఇది తలకిందులైంది. బాగా తాగే సానవాళ్లే ఎక్కువ కాలం బతుకుతారని నైట్ గమనించాడు, తాగినవాడు పనికి ఎగ్గొడతాడు కాబట్టి! దుమ్ము లాగేసే ఫ్యాన్లు పెడితే సానవాళ్లలో చాలామంది ఒప్పుకోలేదన్నదీ నిజమే. పని సురక్షితమైతే జనం ఎగబడతారు, కూలి పడిపోతుంది అని వాళ్ల భయం. దాన్ని మూర్ఖత్వమనే ముందు, బతుకు కాలాన్నే కూలిగా మార్చుకోవాల్సిన బేరంలోకి వాళ్లను నెట్టిందెవరో చూడాలి. 1820ల ఆరంభంలో ఏబ్రహాం అనే ఆయన అయస్కాంతపు ముసుగు చేసి మెప్పు పొందాడు. అది ఇనుప రజను పట్టేది. ఊపిరితిత్తులను రాయిలా చేసే ఇసుక దుమ్ము అయస్కాంతానికి అంటదు. కార్మికులు దాన్ని వాడకపోవడంలో తప్పేమీ లేదు. 1867 చట్టం ఫ్యాన్లు పెట్టించే అధికారం తనిఖీదారులకిచ్చింది. ఇసుకరాయి స్థానంలో కృత్రిమ సానరాళ్లు రావడానికి 20వ శతాబ్దం దాకా పట్టింది.

ఆ సానవాళ్ల ఉబ్బసాన్నే ఇప్పుడు సిలికోసిస్ అంటున్నాం. మన పక్కనే, తమిళ, తెలుగు కుటుంబాలు తరాల పాటు పని చేసిన కోలారు బంగారు గనుల్లో 1940లలో 7,653 మందిని పరీక్షిస్తే నూటికి దాదాపు 44 మందిలో అది బయటపడింది. దుమ్ము పీల్చిన పది, ఇరవై ఏళ్లకు, తరచుగా పని మానేశాక పైకి తేలే జబ్బు ఇది. అందుకే చావు నమోదు దగ్గర మాయమైపోతుంది. మన మరణ నివేదిక ఫారంలో చనిపోయినవాడు ఎన్నేళ్లు పొగ తాగాడు, ఎన్నేళ్లు మద్యం తాగాడు అని అడుగుతారు. వృత్తికి మాత్రం ఒక్క గడి, ఎన్నేళ్లు చేశాడన్న ప్రశ్నే లేదు. ఆ గడిలో రాసేది కూడా చివరి రోజుల మాటే: ఖాళీగా ఉన్నాడు, ఇంటి దగ్గరే ఉన్నాడు అని. మీ ఇంట్లో ఎవరి మరణమైనా నమోదు చేయించాల్సి వస్తే ఆ గడిలో ఆయన జీవితమంతా చేసిన పని రాయించండి. రాయి కొట్టారా, పలకలు కోశారా, ఎన్నేళ్లు కోశారు, గుమాస్తా వద్దన్నా సరే.