అక్షరముల ఆట

చదువుటకు వీలుగా నుండుట అక్షరమునకు మొదటి ధర్మము. ఆ ధర్మమునకు భంగము రాకుండ అక్షర మెంత వఱకు ఆడవచ్చును? ఈ ప్రశ్నకు మన గుంటూరు సీమలో సుమారు పదునేడు వందల యేండ్ల నాటి సమాధాన మొకటి కలదు.

ఒకప్పుడు గుంటూరు జిల్లాలోనిదై, 2022 నుండి పల్నాడు జిల్లాలో చేరిన నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి ప్రాకృత శాసనములు దొరకినవి. వీరపురుషదత్తుని మేనత్త చాంతిసిరి మహాచైత్యమునకు స్తంభములు నిలిపించి, తన దానమును వానిపై చెక్కించినది. ఆ శాసనములను చూడుడు. క, ర అక్షరముల నిలువు గీతలు అవసరమునకు మించి క్రిందికి సాగి, కొసను వంపు తిరుగును. గుడి గీత పైకి లేచి మెలిక పడును. ఇంత శ్రమ చెక్కువానికి ఎందులకు? కేవలము ముచ్చట కొఱకే యని మేము తలంతుము. అయినను అక్షరపు మొండెము చెక్కు చెదరలేదు. ఆట యంతయు తోకలోనే!

నరసాపురమున 1933లో జన్మించిన బాపు చేతివ్రాతలోను ఈ మర్యాదయే కనబడును. సీసపు టైపులో అక్షరము లన్నియు బడిపిల్లలవలె వరుసగా నిలుచును. శీర్షికకు వేఱొక రూపు కావలెనన్నచో చిత్రకారుడు చేతితో వ్రాయగా, దానికి బ్లాకు చేయించి అచ్చువేసెడివారు. బాపు వ్రాసిన శీర్షికలో గీత ఒకచోట లావు, మఱియొకచోట సన్నము. తలకట్టు ఒక్క విసురు. ఒత్తు ప్రక్క అక్షరము క్రింది ఖాళీ చూచుకొని ఒదిగి కూర్చుండును. ముళ్లపూడి వారి బుడుగునకు ఇంతకన్న తగిన అక్షరములు మాకు తోచవు. కథల శీర్షికలు, పుస్తకముల అట్టలు, సినిమా పేర్లు, పెండ్లి శుభలేఖలు ఈ వ్రాతతో నిండినవి.

కంప్యూటరు వచ్చిన పిమ్మట ఆ వ్రాతయే ఫాంటైనది. బాపు 2014లో కన్నుమూసినను ఆయన అక్షరము ఎవరి చేతికైనను అందుచున్నది. ఇది లాభమే. కాని చేయి ఒకే శీర్షికలో రెండు 'ల'లను రెండు విధములుగ వ్రాయును. ఫాంటు రెంటిని ఒకే అచ్చున పోయును. ఒత్తునకును చోటు ముందే నిర్ణయమైనది, ఒదుగుటకు వీలు లేదు. కనుక నాలుగు మాటల శీర్షికలో నవ్వు పుట్టించు లిపి, పుట నిండ పఱచినచో కన్నునకు విసుగు కలిగించును.

(తెనాలి రామకృష్ణుని పేరిటను సిలికానాంధ్ర వారు ఒక ఫాంటును విడుదల చేసినారు. ఆ పేరు విన్నంతనే అక్షరములందు కొంటెతనము వెదకని తెనాలివాడుండునా?)

గుంటూరు గోంగూర పచ్చడి సీసాకు, శుభలేఖకు, పిల్లల కథకు ఈ లిపిని నిశ్చింతగా వాడవచ్చును. మిరప యార్డులో తూకపు చీటిని మాత్రము సాదా టైపులోనే వేయవలెను. అచట అక్షరము ఆడినచో తగవు పుట్టును.