హుస్సేన్ సాగరము: నాచు చెప్పిన చరిత్ర

క్రీ.శ. 1562లో, ఇబ్రహీం కులీ కుతుబ్ షా పాలనాకాలమున, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణమున, మూసీలో కలియు వాగునకు అడ్డముగా కట్టబడి, బల్కాపురపు కాలువ తెచ్చిన మూసీ జలములతో నిండిన హుస్సేన్ సాగరమును గూర్చి హైదరాబాదు వాసులు సగర్వముగా చెప్పుకొందురు. ఆ కట్టకు దిగువన నున్న అశోక్ నగర్, చిక్కడపల్లి, నారాయణగూడల వారికి మాత్రము ఆ చెరువుతోడి బంధుత్వము సాయంకాలపు షికారుతో తీరునది కాదు. చెరువు మిగులునీటిని గొనిపోవు నాలా కవాడిగూడ, అశోక్ నగర్ ప్రక్కలనుండి వీరి పేటలను ఒరసికొనుచు సాగి, నల్లకుంట, గోల్నాకల మీదుగా మూసీని చేరుచున్నది. ఎగువ చెరువు ఏమి భుజించినదో దిగువ నాలా చెప్పకయే చెప్పును.

ఒకప్పుడిది నగరమునకు త్రాగునీరు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి నగరమును ముంచిన పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనల ననుసరించి చేపట్టిన నిర్మాణములలో ఉస్మాన్ సాగరము 1920లోను, హిమాయత్ సాగరము 1927లోను పూర్తికాగా, దప్పిక తీర్చు భారము వానిపైకి మారి, 1930 ప్రాంతమున హుస్సేన్ సాగరమునకు ఆ బాధ్యత తప్పెను. త్రాగు నీటిని జనులు కాపాడుకొందురు; నగరమునకు పంచు నీటి నమూనాలను పరీక్షించు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ నారాయణగూడలోనే కలదు. త్రాగని నీటిపై అట్టి శ్రద్ధ నిలువదు. 1946లో మీర్జా ఇస్మాయిల్ ప్రధానిగా నున్నప్పుడు ట్యాంక్ బండ్ మార్గము విశాలమయ్యెను; 1986లో దానిపై మహనీయుల విగ్రహములు వెలసెను; 1992లో చెరువు నడుమ బుద్ధవిగ్రహము నిలిచెను. పైశోభ ఇట్లు వృద్ధినొందుచుండగా, కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపురపు నాలాలు నాలుగును ఇండ్ల మురుగును, వానిలో కూకట్‌పల్లి నాలా కర్మాగారముల వ్యర్థములను సైతము తెచ్చి, చెరువులో కుమ్మరించుచు వచ్చెను.

ఈ పరిణామమును సూక్ష్మదర్శిని క్రింద శ్రద్ధతో పరిశీలించినవారు నారాయణగూడకు అనతిదూరమున నున్న ఉస్మానియా విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రజ్ఞులు. ఏ. ఆర్. జఫర్ 1966లో హుస్సేన్ సాగరపు జలస్వభావమును గూర్చియు, వి. వెంకటేశ్వర్లు 1969లో మూసీనదిలోని శైవలములను, అనగా నాచులను, ఆ నీటి కాలుష్యమును గూర్చియు, ఎం. మునావర్ 1970లో హైదరాబాదు కుంటలను గూర్చియు ప్రకటించిన పరిశోధనలు, ఏ నీటిలో ఏ శైవలము పెరుగునో చూచి ఆ నీటి ఆరోగ్యమును గ్రహింపవచ్చునని చూపినవి. మునావర్ అనంతరకాలమున ఉత్తర అమెరికాలోని మహాసరస్సులను పరిశోధించి ప్రఖ్యాతినొందెను.

ఇందలి కార్యకారణసంబంధము స్పష్టమైనది. శైవలము పెరుగుటకు కర్బనము, నత్రజని, భాస్వరము ముఖ్యముగా కావలెను; వీనిలో మంచినీటి సరస్సులయందు సాధారణముగా కొరతపడునది భాస్వరము. సబ్బుపొడులలోను, మలమూత్రములలోను, పొలముల ఎరువులలోను ఇది వచ్చి చేరగా, ఒక గ్రాము భాస్వరము ఆధారముగా నూరు గ్రాములకు మించిన శుష్కశైవలము పెరుగగలదు. కెనడాలోని ఒంటారియోలో 1973లో డేవిడ్ షిండ్లర్, ఆయన సహచరులు ఒక సరస్సును తెరతో రెండుగా విభజించి, రెండు భాగములకును కర్బనమును, నత్రజనిని ఇచ్చి, ఒకదానికి మాత్రము భాస్వరమును కలిపిరి. ఆ ఒక్క భాగమే పచ్చగా మారెను. పచ్చబడిన నీరు చూపునకు సమృద్ధిగా తోచినను, నాచు చచ్చి కుళ్ళునపుడు ప్రాణవాయువును హరించి, చేపలను చంపి, దుర్గంధమును వ్యాపింపజేయును.

ఇంట గాజుతొట్టిలో సముద్రజలము నింపి పగడములను పెంచువారికి ఈ శాస్త్రము నిత్యానుభవమే. వారు భాస్వరపు రూపమైన ఫాస్ఫేటును లీటరుకు మిల్లీగ్రాములో నూరవవంతుల లెక్కన కొలుచుకొందురు. చేపల కిడు మేతను తగ్గింతురు. శుద్ధిచేసిన నీటినే కలుపుదురు. ప్రత్యేకముగా ఒక మంచినాచును పెంచి, కోసి పారవేయుచు పోషకములను వెలికి తీయుదురు. అయినను, నీటిలోని ఫాస్ఫేటు తగ్గినపుడు రాళ్ళలోను ఇసుకలోను ఇంకియున్నది మెల్లమెల్లగా వెలికి వచ్చుచుండును గనుక, తొందరపడరాదని ఎరుగుదురు. పోషకములను ఒక్కమారుగా హరించినచో పగడములలోని సహజీవి శైవలములు బలహీనపడి పగడములు వెలవెలబోవును. కావున వారు పోషకములను మితముననే నిలుపుదురు.

ఈ నియమములే చెరువునకును వర్తించును. గుర్రపుడెక్కను కోసి ఒడ్డున పడవేసినచో అది కుళ్ళి, వర్షమునకు మరల నీటిలోనికే చేరును. దూరముగా తరలించినచో నీటినుండి పోషకము తీసివేసినట్లగును. అడుగున పేరుకొన్న బురదనుండి, ప్రాణవాయువు లోపించినపుడు, భాస్వరము పైకి వచ్చుచుండును. అందువలననే 2006లో జపాను ఋణసహాయముతో చేపట్టిన హుస్సేన్ సాగర పునరుద్ధరణయందు మురుగు మళ్ళింపు, పూడికతీత రెండును చోటుచేసికొన్నవి. మళ్ళింపు లేని పూడికతీత నిష్ఫలము.

2000 ఆగస్టు 24న సుమారు 240 మిల్లీమీటర్ల వర్షము కురిసినపుడు నాలా పొంగి దిగువ పేటలు మునిగెను. ఆ వరద నేర్పిన దొక్కటే: నాలాకు చోటు లేకుండ కట్టినవారు నీటితో పోరుటకు సిద్ధపడవలసినదే. పోషకముల విషయమునను ఇంతియే. కట్టపై అందమునకు వెచ్చించిన ధనములో ఏ కొంతయైనను ఎగువ పేటల మురుగును శుద్ధిచేయుటకు ముందుగా వెచ్చించియుండినచో, చెరువును మరల బాగుచేయు శ్రమ చాలవరకు తప్పియుండెడిది. నాచుకు మందు నీటిలో లేదు, నీటికి అన్నము పెట్టు చేతిలో కలదు. చిక్కడపల్లి వాసులారా, నారాయణగూడ వాసులారా, మీ ఇంటి మురుగు ఏ గొట్టమున సాగి ఎచట చేరుచున్నదో మీరు తెలిసికొనుడు. అది శుద్ధి కాకుండ మూసీకి పోవు ఈ నాలాలో కలియుచున్నచో, నగరపాలకుల నడిగి నిలుపుదల చేయించుడు.