పగలు ఉద్యోగం, రాత్రి డాక్టరేటు

మనవాళ్ళ లెక్కలో డాక్టర్లు రెండు రకాలు. మందులిచ్చే డాక్టర్లు, మందులివ్వని డాక్టర్లు. ఆ రెండో రకంలో కూడా ఫిజిక్సు, కెమిస్ట్రీ, తెలుగు సాహిత్యం అంటే ఎవరూ అడ్డు ప్రశ్న వెయ్యరు. "బిజినెస్‌లో డాక్టరేటు" అంటే మాత్రం ఓ క్షణం ఆగి, "బిజినెస్ అంటే చెయ్యాలి గానీ, దాని మీద డాక్టరేటేమిటండీ?" అంటారు. నలభై ఆరేళ్ళ వయసులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, శని ఆదివారాలు సరిగ్గా ఆ చదువే చదువుతున్న నాకు ఈ ప్రశ్న బాగా అలవాటైపోయింది. నిజానికి ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. అమెరికా యూనివర్సిటీలు నూరేళ్ళకు పైగా తమలో తాము వేసుకుంటున్నదే. సమాధానం కూడా ఒక్కో తరంలో ఒక్కో రకంగా చెప్పుకున్నాయి.

డాక్టర్ అన్న లాటిన్ మాటకి అసలు అర్థం బోధించేవాడు అని. మధ్యయుగాల యూరప్‌లో అది పాఠం చెప్పుకోవడానికి ఇచ్చే అనుమతి. కొత్త సంగతి ఏదైనా కనిపెట్టి, గ్రంథం రాస్తేనే డాక్టరేటు అన్న పద్ధతి తర్వాత జర్మనీలో స్థిరపడింది. 1810లో పెట్టిన బెర్లిన్ విశ్వవిద్యాలయం దానికి పేరు తెచ్చింది. అమెరికాలో మొదటి పిహెచ్.డి.లు 1861లో యేల్ ఇచ్చింది. అప్పటికి బిజినెస్ స్కూలు అన్నదే లేదు. 1881లో జోసెఫ్ వార్టన్ అనే లోహాల వ్యాపారి లక్ష డాలర్లిచ్చి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో తన పేర స్కూలు పెట్టించాడు. హార్వర్డ్ బిజినెస్ స్కూలు 1908లో వచ్చింది. చికాగో విశ్వవిద్యాలయం 1920లో బిజినెస్‌లో పిహెచ్.డి. మొదలుపెట్టి, 1929లో ఉర్సులా బాచెల్డర్ స్టోన్ అనే ఆవిడకి ఆ పట్టా ఇచ్చింది. ఈ పట్టా అందుకున్న మొదటి మహిళ ఆవిడేనట.

హార్వర్డ్ సంగతి వేరు. అక్కడ పిహెచ్.డి. ఇచ్చే అధికారం ఆర్ట్స్ అండ్ సైన్సెస్ వాళ్ళ చేతిలో ఉండేది. బిజినెస్ స్కూలు తనకంటూ వేరే పేరు పెట్టుకుని డి.బి.ఎ. ఇచ్చింది. ఈ రెండక్షరాలా మూడక్షరాలా గొడవ మన ఇళ్ళలో ఇంటిపేర్ల గొడవ లాంటిది. బయటివాళ్ళకి అర్థం కాదు, లోపలివాళ్ళకి నిద్ర పట్టదు.

ఈ చరిత్రలో నాకు ఆప్తుడు హెర్బర్ట్ సైమన్. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఆయన కృత్రిమ మేధకి పునాది వేసినవారిలో ఒకడిగా తెలుసు. ఎలెన్ న్యూయెల్‌తో కలిసి 1975లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నాడు. ఆర్థికశాస్త్రం వాళ్ళకి 1978లో నోబెల్ బహుమతి పొందినవాడిగా తెలుసు. ఆయన కూడా ఉద్యోగం చేసుకుంటూనే డాక్టరేటు పూర్తిచేశాడన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. 1939 నుంచి 1942 దాకా ఆయన కాలిఫోర్నియాలో, బర్కిలీలో ఒక పరిశోధన బృందాన్ని నడిపాడు. పట్టా ఇవ్వాల్సింది చికాగో విశ్వవిద్యాలయం. డాక్టరేటు పరీక్షలు పోస్టులో రాశాడు! ఉద్యోగం వేళలు అయిపోయాక సిద్ధాంత గ్రంథం రాసుకున్నాడు. 1943లో పట్టా వచ్చింది. ఆ గ్రంథమే 1947లో అడ్మినిస్ట్రేటివ్ బిహేవియర్ అన్న పుస్తకమైంది. దూరవిద్య అంటే ఇప్పటికీ మనలో ఓ చిన్నచూపు ఉంది కదా, అందుకని ఈ పోస్టు సంగతి నేను సందు దొరికినప్పుడల్లా చెబుతూ ఉంటాను.

ఇంకా ముచ్చటైన విషయం, ఆ గ్రంథానికి విత్తనం ఎక్కడ పడిందన్నది. సైమన్ సొంత ఊరు మిల్వాకీ. మేముండే నేపర్‌విల్ నుంచి కారులో రెండు గంటల లోపే. 1935లో, పంతొమ్మిదేళ్ళ కుర్రాడిగా, ఆయన ఆ ఊళ్ళో పిల్లల ఆటస్థలాల నిర్వహణ ఎలా జరుగుతోందో చూడ్డానికి వెళ్ళాడు. స్కూలు బోర్డూ, పబ్లిక్ వర్క్స్ శాఖా కలిసి వాటిని నడిపేవి. ఉన్న డబ్బులో గడ్డికీ, కంచెలకీ, మరమ్మతులకీ ఎంత, పిల్లల్ని ఆడించే మనుషుల జీతాలకి ఎంత అన్నది తగాదా. అప్పుడే ఆర్థికశాస్త్రం చదువుకున్న సైమన్, ఒక డాలరు ఎక్కడ పెడితే ఎక్కువ ఫలితమో లెక్క వేసి పంచుకుంటారు కదా అనుకున్నాడు. తీరా చూస్తే ఎవరూ ఆ లెక్క వెయ్యడం లేదు. పబ్లిక్ వర్క్స్ వాళ్ళకి మైదానమే కనిపిస్తోంది, స్కూలు వాళ్ళకి పిల్లలే కనిపిస్తున్నారు. ఎవరి కుర్చీలోంచి చూస్తే వాళ్ళకి ఆ ముక్కే లోకం. మనిషికి ఉన్న తెలివీ, సమాచారమూ, సమయమూ పరిమితం కాబట్టి అన్నింటికన్నా ఉత్తమమైనదాని కోసం వెతకడు, "ఇది చాల్లే" అనిపించిన చోట ఆగుతాడు అన్న ఆయన సిద్ధాంతానికి మొదలు అక్కడుంది. ఆ పుస్తకానికి ముందుమాట రాసింది చెస్టర్ బార్నార్డ్. న్యూజెర్సీ బెల్ టెలిఫోన్ కంపెనీకి అధ్యక్షుడు, హార్వర్డ్‌లో డిగ్రీ పూర్తి చెయ్యకుండానే బయటికొచ్చిన మనిషి.

1949లో కార్నెగీ టెక్‌లో కొత్త బిజినెస్ స్కూలు పెడితే సైమన్ అక్కడికి వెళ్ళాడు. 1956లో ఆ విద్యాసంస్థకి ఐబిఎం 650 కంప్యూటరు వస్తే దాన్ని బిజినెస్ స్కూలు భవనం నేలమాళిగలోనే పెట్టారు. నా లాంటి వాడికి ఆ చిరునామా వినడానికే బాగుంటుంది.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 1959లో ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో ఒకటీ, కార్నెగీ కార్పొరేషన్ డబ్బుతో ఒకటీ, రెండు నివేదికలు వచ్చాయి. బిజినెస్ స్కూళ్ళలో చదువు పలచన, పరిశోధన బలహీనం అని రెండూ ముఖం మీదే చెప్పాయి. దాంతో స్కూళ్ళు గణితమూ, ఆర్థికశాస్త్రమూ, మనస్తత్వశాస్త్రమూ తెచ్చుకుని పిహెచ్.డి.ని బిగించాయి. అది మంచికే జరిగిందని నా అభిప్రాయం. కానీ బిగించగా బిగించగా, ఇరవై ఏళ్ళు కంపెనీలో పనిచేసినవాడికి ఆ గుమ్మంలో చోటు లేకుండా పోయింది. నాలుగైదేళ్ళు ఉద్యోగం మానేసి, స్టైపెండు మీద బతకగలిగితేనే రమ్మన్నారు. ఇంటి అప్పు, పిల్లల చదువులు ఉన్నవాడికి అది కుదిరే పనేనా?

ఆ తలుపు మళ్ళీ కాస్త తెరుచుకున్నది 1995లో. క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం ఉద్యోగాల్లో ఉన్న పెద్దవాళ్ళ కోసమే డాక్టరేటు మొదలుపెట్టింది. 2009లో అట్లాంటాలో జార్జియా స్టేట్ ఆ దారే పట్టింది. తర్వాత చాలా స్కూళ్ళు వచ్చాయి. నెలకో వారాంతం తరగతులు, మూడేళ్ళు, చివర సిద్ధాంత గ్రంథం. ఖర్చు మాత్రం చాలాచోట్ల లక్ష డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. కంపెనీ చదువుకిచ్చే సాయంలో పన్ను లేకుండా మిగిలేది దశాబ్దాల పాటు ఏడాదికి 5,250 డాలర్ల దగ్గరే ఉండిపోయింది కాబట్టి, మిగతాది మన జేబే. ఇంతకన్నా చవకగా, ఇంతకన్నా త్వరగా ఇస్తామనేవాళ్ళూ ఉంటారు. దొంగ డిగ్రీలమ్మే సంస్థల మీద ఎఫ్.బి.ఐ. 1980 నుంచి 1991 దాకా ప్రత్యేకంగా ఒక దర్యాప్తు నడపాల్సొచ్చిందంటే ఆ బజారు ఎంత పెద్దదో ఊహించుకోండి. చేరబోయే ముందు గుర్తింపు ఎవరిచ్చారో, పాఠం చెప్పేవాళ్ళు ఏం రాశారో చూసుకోవడం తప్పనిసరి.

మన దేశంలో అహ్మదాబాదు, కలకత్తా ఐ.ఐ.ఎం.లు రెండూ 1961లో మొదలయ్యాయి. మొదటిదానికి హార్వర్డ్, రెండోదానికి ఎం.ఐ.టి. చెయ్యందించాయి. అవి విశ్వవిద్యాలయాలు కావు కాబట్టి డాక్టరేటు అనకూడదు, "ఫెలో" అనాలి. ఎంత కష్టపడి చదివినా పెళ్ళిచూపుల్లో ఆ మాట వివరించుకోవలసి వచ్చేది పాపం. పార్లమెంటు 2017లో చట్టం చేసి, 2018 జనవరి 31 నుంచి అమల్లోకి తెచ్చాక వాళ్ళకి డిగ్రీలిచ్చే అధికారం వచ్చింది. విచిత్రమేమిటంటే హార్వర్డ్ బిజినెస్ స్కూలు కూడా ఆ 2018లోనే తన డి.బి.ఎ.ని పిహెచ్.డి.గా మార్చుకుంది. 1975లో ఆ పాత డి.బి.ఎ. తీసుకున్నవాళ్ళలో మన సి.కె. ప్రహ్లాద్ ఒకడు. ఆయన పందొమ్మిదో ఏట యూనియన్ కార్బైడ్ బ్యాటరీల కర్మాగారంలో ఉద్యోగానికి చేరి, నాలుగేళ్ళు పనిచేశాక అహ్మదాబాదు వెళ్ళాడు. హైదరాబాదులో బెల్లా విస్టా భవనంలోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ అయితే 1956లో ఏర్పడింది, ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకే పాఠాలు చెబుతోంది. అంటే పనిచేసేవాడు మళ్ళీ బడికి పోవడం మన ఊళ్ళోనూ పాత సంగతే.

ఇక నా సంగతి. లెక్కల మాస్టారుగా రిటైరైన మా నాన్నగారు ఫోనులో సూటిగా అడిగారు: "జీతం పెరుగుతుందట్రా?" పెరగదు. వచ్చే ఏడు మా అమ్మాయి కాలేజీకి వెళుతుంది, ఇంట్లో రెండు ఫీజులు. మా కంపెనీలో రెండేళ్ళలో మూడుసార్లు మనుషుల్ని తీసేశారు. మా ఆవిడ కాగితం మీద లెక్క వేసి చూపించింది. ఆ లెక్కలో తప్పు లేదు. అయినా ఎందుకు చేరానో చెప్పాలంటే మళ్ళీ మిల్వాకీ ఆటస్థలం దగ్గరికే పోవాలి. ఇరవై రెండేళ్ళుగా నేను కూర్చున్న ప్రతి కంపెనీలోనూ ఒకటే తగాదా. పాత ప్రోగ్రాముల మరమ్మతుకి ఎంతమందిని పెట్టాలి, కొత్త హంగులు చేర్చడానికి ఎంతమందిని పెట్టాలి? ఆ మరమ్మతు బాకీకి 1992లో వార్డ్ కనింగ్‌హామ్ పోల్చి చెప్పిన అప్పు పేరే స్థిరపడిపోయింది, టెక్నికల్ డెట్ అని. అప్పని అందరూ ఒప్పుకుంటారు, ఎప్పుడు తీర్చాలో ఎవరూ లెక్క వెయ్యరు. గడ్డి కత్తిరించేవాడికి గడ్డి, పిల్లల్ని ఆడించేవాడికి పిల్లలు. మీటింగులో గట్టిగా మాట్లాడినవాడి పక్షాన నిర్ణయం జరిగిపోతుంది. ఉద్యోగం పోయిన ముగ్గురు స్నేహితుల్లో ఇద్దరు మరమ్మతు పనివాళ్ళే.

ఈ తగాదానే సిద్ధాంత గ్రంథానికి విషయంగా తీసుకుంటానని మా గైడుతో అంటే, ఆవిడ నవ్వి, "ఇది మీ ఆఫీసు కష్టం. ఇందులో పరిశోధన ప్రశ్న ఏది?" అంది. ఆ ఒక్క వాక్యం మీద ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడు ప్రశ్న ఇలా ఉంది: ఇంజినీరు తన సొంత డబ్బు కాని అప్పుని ఏ క్షణంలో "ఇక చాల్లే" అంటాడు? నలభైమందిని అడగాలి. యూనివర్సిటీ పరిశీలన సంఘం అనుమతి వచ్చింది. పదకొండుమందితో మాట్లాడటం అయింది, పన్నెండో ఆయన శనివారం ఉదయం ఏడింటికి రమ్మన్నాడు, మిల్వాకీలోనే.