లారీ వెనకాల రాసిన ఆ 'డిప్పర్' ఎక్కడిది?

లారీ వెనకాల 'హారన్ ప్లీజ్' పక్కన 'యూజ్ డిప్పర్ ఎట్ నైట్' అని ఉంటుంది, చూసే ఉంటారు. ఎంతగా పాతుకుపోయిన మాటంటే, 2016లో టాటా మోటార్స్, టీసీఐ ఫౌండేషన్ కలిసి లారీ డ్రైవర్ల కోసం తెచ్చిన కండోమ్‌కి 'డిప్పర్' అనే పేరు పెట్టాయి. నవ్వకండి, నిజం. అసలు ఈ డిప్పర్ కథ వందేళ్ల కిందటిది.

తొలి కార్లకి కరెంటు దీపాల్లేవు. మామిడికాయలు మగ్గబెడతారే, ఆ కార్బైడ్ మీద నీటిబొట్లు పడితే వచ్చే గ్యాస్‌ని వెలిగించేవాళ్లు. 1912లో కెడిలాక్ కంపెనీ స్టార్టరుకీ, లైట్లకీ కరెంటు ఇచ్చింది. వెలుగు పెరిగేకొద్దీ ఎదురొచ్చేవాడి కళ్లకి కష్టం మొదలైంది. 1915లో అమెరికాలో గైడ్ ల్యాంప్ కంపెనీ వెలుగుని కిందకి దించే లైటు తెచ్చింది. కాకపోతే బండి ఆపి, దిగి, వంచాలి. ఎవడు దిగుతాడు చెప్పండి? 1917లో కెడిలాక్ లోపలే లీవర్ పెట్టింది. 1927లో కాలితో నొక్కే స్విచ్ వచ్చింది, పాత జీపుల్లో నేల మీద ఉండేది అదే.

వీటి మధ్యలో 1924లో వచ్చిన బైలక్స్ బల్బు గురించి మాత్రం ఆగి చెప్పాలి. ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు. హై బీమ్ ఫిలమెంటు రిఫ్లెక్టర్ ఫోకస్ దగ్గర ఉంటుంది, వెలుగు నేరుగా దూరం పోతుంది. లో బీమ్‌ది కాస్త ముందుకి ఉంటుంది, దాని కింద చిన్న రేకు గిన్నె. ఆ గిన్నె అడ్డం వల్ల వెలుగు రిఫ్లెక్టర్ పై సగానికే తగిలి, అక్కణ్నుంచి రోడ్డు మీదకి వంగుతుంది. 1971లో వచ్చిన హెచ్4 హాలోజన్‌ది కూడా ఇదే లెక్క.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. హెడ్‌లైట్ అద్దం పై సగానికి నల్ల రంగు పూసిన బస్సులు, లారీలు మీలో కొందరు చూసే ఉంటారు. ఎదుటోడి కళ్లు కాపాడదామనే. కానీ లో బీమ్ వచ్చేదే ఆ పై సగం నుంచి కదా! దాన్ని మూసేస్తే డిప్ కొట్టినప్పుడు డ్రైవర్‌కి దారి సరిగ్గా కనపడదు. ఇంకేం చేస్తాడు, హై బీమ్ మీదే పోతాడు. కోడ్ చదవకుండా బగ్ ఫిక్స్ చేస్తే ఇంతే.

ఇప్పటి వెర్షన్ ఏంటంటే, హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఆన్‌లైన్లో కొన్న ఎల్ఈడీ బల్బు దూర్చడం. చిప్పులు ఫిలమెంటు ఉండాల్సిన చోట సరిగ్గా కూర్చోకపోతే లో బీమ్ వేసినా వెలుగు పైకి చిమ్ముతుంది. ఇంకొందరైతే హైదరాబాద్‌లో వీధి దీపాల కింద కూడా హై బీమ్ దించరు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకి లైటు ఎప్పుడూ వెలగాలన్నారు గానీ, హై బీమ్‌లో వెలగమని ఎవరూ అనలేదు బాబూ.

సిటీలో చిరాకు పడి వదిలేస్తాం. మా హెచ్ఎంపాడు నుంచి కనిగిరి పోయే రోడ్డు మీద లెక్క వేరు. డివైడర్ లేదు, పొలాల మధ్య లైట్లు లేవు. 60 కిలోమీటర్ల స్పీడులో సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతాం. కళ్లు తేరుకోడానికి మూడు సెకన్లు పట్టిందనుకోండి, 50 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. ఆ 50 మీటర్లలో గొర్రెల మంద ఉండొచ్చు, చేను నుంచి ఇంటికి నడిచొచ్చే మనిషి ఉండొచ్చు. ఆ మనిషి చేతిలో టార్చి ఉన్నా, ఎదురు హెడ్‌లైటు ముందు అదెంత?

రూల్ లేక కాదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది చూడండి: బండి ముందు 8 మీటర్ల దూరంలో, లైటుకి అర మీటరు కుడిపక్కన, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో కళ్లున్న మనిషికి కళ్లు జిగేల్‌మనకూడదు. దీనికి మెషినేం అక్కర్లేదు. ఈ రాత్రి మీ బండి స్టాండ్ వేసి లో బీమ్ పెట్టండి. ఎనిమిది పెద్ద అంగలు వేసి కుడిపక్కకి జరిగి నిలబడండి. మరీ పొడుగైతే కొంచెం వంగండి. ఏమైందో కామెంట్లో పెట్టండి, బల్బు కంపెనీదా, బయట కొన్నదా అన్నది కూడా.